మాట పోయింది, పద్యం పోలేదు

2019 సంక్రాంతి వెళ్ళిన వారానికి మా తాతయ్యకి పక్షవాతం వచ్చింది. గుడివాడ దగ్గర పల్లెటూరు మాది. పొద్దున్నే చుట్ట ముట్టించుకోబోతే కుడిచేతిలోంచి అగ్గిపెట్టె జారిపోయిందట. "ఏమైంది?" అని నాయనమ్మ అడిగితే "అది... అది..." అన్నాడట. బందరు తీసుకెళ్ళారు. బెంగుళూరు నుంచి నేను వెళ్ళేసరికి మనిషి కూర్చుంటున్నాడు, చెప్పింది అర్థమవుతోంది, మమ్మల్ని గుర్తుపడుతున్నాడు. మాట మాత్రం లేదు. మంచినీళ్ళు కావాలన్నా "అది", దిండు సరిచెయ్యమన్నా "అది". మాకు అర్థంకాకపోతే కోపంతో కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

నాలుగోరోజు సాయంత్రం పక్క మంచం పేషెంటు వాళ్ళబ్బాయి ఫోనులో 'పాండవోద్యోగం' నాటకం పెట్టాడు. శ్రీకృష్ణుడు నిద్ర లేచి బావగారిని కుశలప్రశ్నలు అడిగే పద్యం. మొదటి పాదం అయిందో లేదో, వెనకనుంచి తాతయ్య గొంతు. సన్నగా, వణుకుతూ. రెండో పాదం, మూడో పాదం, నాలుగో పాదం. ఒక్క అక్షరం పోలేదు. చివర్లో రాగం కూడా తీశాడు. వార్డంతా తిరిగి చూసింది. మా నాన్న పరిగెత్తుకుంటూ వెళ్ళి "నాన్నా, మాటొచ్చిందా?" అన్నాడు. తాతయ్య సంతోషంగా ఆయనవైపు చూసి చెప్పిన మాట: "అది... అది..."

మంచినీళ్ళు అనలేని మనిషి శార్దూల విక్రీడితం ఎలా పాడాడు? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. దానికి జవాబు వెతుక్కుంటూ మెదడు గురించి చదివాను, అవధానాల గురించీ చదివాను. రెండూ ఒకే చోట కలుస్తాయని అప్పుడు అనుకోలేదు.

*

పదో తరగతి జీవశాస్త్రంలో బొమ్మ వేసి భాగాలు గుర్తించిన మెదడే ఇది. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం. పెద్దమెదడు, చిన్నమెదడు, కింద వెన్నుపాములో కలిసే కాడ. మొత్తం బరువు కిలోన్నర లోపే, ఒంటి బరువులో నూటికి రెండు వంతులు. కానీ ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు దానికే పోతుంది. దానికి వెళ్ళే రక్తం కాసేపు ఆగిపోతే ఏమవుతుందో మేం చూశాం.

డాక్టరుగారు సీటీ ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టి, ఎడమవైపు నుదురు వెనక, కణతకి కొంచెం పైన, నల్లటి మచ్చ ఒకటి చూపించారు. "మాట తయారయ్యేది ఇక్కడండీ. చేతినీ కాలునీ కదిలించే నరాలు మజ్జాముఖం దగ్గర అటువి ఇటూ ఇటువి అటూ దాటతాయి. అందుకే దెబ్బ ఎడమవైపు, పడిపోయింది కుడిచెయ్యి" అన్నారు.

ఆ మచ్చ ఉన్న చోటికి ఒక పేరుంది, ఆ పేరుకో కథ ఉంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్ దగ్గరికి లెబోర్న్ అనే రోగి వచ్చాడు. ఇరవయ్యేళ్ళకి పైగా ఆసుపత్రిలోనే ఉన్నవాడు. ఎదుటివాళ్ళు చెప్పింది తెలుస్తుంది, తను మాత్రం ఏం చెప్పబోయినా "తాన్, తాన్" అనే వస్తుంది. కొద్దిరోజుల్లోనే చనిపోయాడు. బ్రోకా అతని మెదడు తీసి చూస్తే దెబ్బ ఎడమ నుదుటి భాగం కిందివైపు ఉంది. మెదడులో మాటకంటూ ఒక చోటు ఉందని గట్టిగా చూపించిన మొదటి కేసుల్లో అదొకటి. 1874లో జర్మనీలో కార్ల్ వెర్నికె ఇంకో చోటు చూపించాడు, ఎడమ కణత వెనకభాగంలో. అక్కడ దెబ్బ తగిలినవాళ్ళకి మాట ధారాళంగా వస్తుంది, అర్థం మాత్రం ఉండదు. ఎదుటివాళ్ళ మాటా సరిగా తెలియదు.

లెబోర్న్‌కి "తాన్", మా తాతయ్యకి "అది". నూట యాభై ఎనిమిదేళ్ళ తేడాతో పారిస్‌లో ఒకరు, బందరులో ఒకరు.

మరి పద్యం? అదీ పాత సంగతే. మాట పోయినవాళ్ళు భజన పాటలు పాడటం గురించి 18వ శతాబ్దంలోనే స్వీడన్‌లో రాసిపెట్టారు. బ్రోకా కాలంలోనే లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్ అనే నరాల వైద్యుడు, మాట పోయిన రోగులు తిట్లూ ప్రార్థనలూ మాత్రం గడగడా అనగలరని గమనించాడు. అప్పటికప్పుడు కొత్తగా అల్లుకునే మాట వేరు, నోటికి పట్టేసిన మాట వేరు అన్నాడాయన. ఆ రెండోది మెదడు ఇంకెక్కడినుంచో తెస్తోంది.

ఎక్కడినుంచి? చాలాకాలం చెప్పిన జవాబు, "పాట కుడి అర్ధగోళానిది" అని. 2011లో లైప్‌జిగ్‌లో బెంజమిన్ స్టాల్ బృందం పదిహేడుమంది రోగులతో పాడించి, లయతో చదివించి, ఉత్తగా పలికించి చూసింది. రాగం అనుకున్నంత సాయం చెయ్యలేదు. సాయం చేసినవి రెండు: లయ, ముందే కంఠతా వచ్చిన పాఠం. మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అనే ముద్దలుంటాయి, అలవాటైన పనుల్ని వరస తప్పకుండా నడిపించేవి. అవి దెబ్బతిన్నవాళ్ళు లయమీద మరింత ఎక్కువగా ఆధారపడ్డారు.

లయ, కంఠతా పాఠం. మనవైపు ఈ రెండిటినీ కలిపి పద్యం అంటారు.

*

ఆ పద్యం రాసింది తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870-1950). జంటగా ఊరూరా, సంస్థానం సంస్థానం తిరిగి అష్టావధానాలు, శతావధానాలు చేశారు. చెళ్ళపిళ్ళవారు తర్వాత బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు ఆయన శిష్యులు.

ఇంజినీరింగ్ రోజుల్లో నేను అవధానాన్ని సాహిత్య సర్కస్ అనేవాణ్ణి. గంట ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టడానికీ కవిత్వానికీ ఏమిటి సంబంధం అని వాదించేవాణ్ణి. అది మంచి కవిత్వం కాదనే ఇప్పటికీ అనుకుంటాను, చాలాసార్లు. కానీ మెదడు బొమ్మ పక్కన పెట్టుకుని అష్టావధానాన్ని చూస్తే అది వేరేగా కనిపించింది. మెదడులో ఒక్కో పేటకి వెళ్ళి తలుపు కొట్టి "ఉన్నావా?" అని అడిగే పరీక్షలాగా.

నిషిద్ధాక్షరి తీసుకోండి. అవధాని ఒక అక్షరం చెప్తాడు. తర్వాత సహజంగా ఏ అక్షరం వస్తుందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. నోటిదాకా వచ్చినదాన్ని మింగేసి ఇంకో దారి వెతకాలి. మెదడులో ఈ 'ఆపటం' నుదుటి వెనకున్న ఫ్రాంటల్ లోబ్ ముందుభాగం పని. 1848లో అమెరికాలో ఫినియస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీకి ఇనపకడ్డీ చెంపలోంచి దూసుకుపోయి నడినెత్తిలోంచి బయటికొచ్చింది. బతికాడు. నడిచాడు, మాట్లాడాడు. కానీ మునుపటి నిదానం పోయి, నోటికొచ్చింది అనేసే మనిషయ్యాడని అతన్ని చూసిన డాక్టరు రాశాడు. గేజ్ ఇంకేమైనా చెయ్యగలడేమో గానీ నిషిద్ధాక్షరి మాత్రం చెయ్యలేడు.

ఘంటాగణనానికి కణతల దగ్గరి టెంపొరల్ లోబ్. చెవిలోంచి వచ్చిన చప్పుడు చేరేది అక్కడికే. పుష్పగణనంలో వీపుమీద పడే పువ్వుల్ని లెక్కపెట్టాలి. స్పర్శ చేరేది నడినెత్తి దగ్గరి పరైటల్ లోబ్‌కి. 1930ల్లో మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మెలకువగా ఉన్న రోగుల మెదడుని సన్నటి కరెంటుతో తాకుతూ, ఒంట్లో ఏ భాగానికి ఎక్కడ ఎంత జాగా ఉందో పటం గీశాడు. పెదాలకీ వేళ్ళకీ ఎకరాలకెకరాలు, వీపుకి సెంటు భూమి. పువ్వులు వీపుమీదే వెయ్యాలని పెట్టినవాళ్ళకి ఆ పటం తెలియదు, కానీ ఎక్కడ వేస్తే కష్టమో తెలుసు. చదరంగం పెడితే ఎత్తులు చూడటానికి తల వెనక ఉండే ఆక్సిపిటల్ లోబ్, చూపు వ్యవహారమంతా దానిది. ఇక అప్రస్తుత ప్రసంగి. పద్యం మధ్యలో అడ్డుపడి కొంటె ప్రశ్న వేస్తాడు, దానికి చమత్కారంగా బదులివ్వాలి. కుడి నుదుటిభాగం దెబ్బతిన్న కొందరు చక్కగా మాట్లాడతారు, జోకు మాత్రం అందదు.

ఇలా ఒక్కో పనికి ఒక్కో గది కేటాయించడంలో ప్రమాదం ఉంది. తల మీది బుడిపెలు తడిమి గుణాలు చెప్పినవాళ్ళు 19వ శతాబ్దంలో ఉన్నారు, ఎడమ మెదడు లాజిక్కు, కుడి మెదడు కళ అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఇప్పుడున్నారు. నిజానికి ఏ పనైనా చాలా చోట్లు కలిసి చేస్తాయి. రెండు అర్ధగోళాల మధ్య ఇరవై కోట్ల నరాల పోగులున్న వంతెన నిరంతరం నడుస్తూనే ఉంటుంది. పైన చెప్పింది ఎవరు ముందు నడుస్తారో చెప్పడానికే.

*

అవధానం గురించి అందరూ అనే మాట ఒకటుంది: "ఎనిమిది పనులు ఒకేసారి." అది నిజం కాదు, చూసినవాళ్ళకి తెలుసు. పృచ్ఛకులు వరసగా అడుగుతారు. అవధాని సమస్యకి ఒక పాదం చెప్పి, దత్తపదికి వెళ్ళి ఒక పాదం చెప్పి, వర్ణనకి వెళతాడు. రెండో ఆవృతంలో మళ్ళీ మొదటికి వస్తాడు. ఒక ప్రాసెసరు చాలా ప్రోగ్రాముల మధ్య మారినట్టే. మారేటప్పుడు ఎక్కడ వదిలాడో గుర్తుండాలి, కష్టమంతా అక్కడే ఉంది.

మన మెదడుకి ఆ పనిలో పెద్ద సామర్థ్యం లేదు. 1956లో జార్జ్ మిల్లర్ రాసిన పేరున్న వ్యాసం ప్రకారం మనిషి ఒకసారి పట్టుకోగలిగింది ఏడు అంశాలు, ఒకటి రెండు అటూ ఇటూ. తర్వాతివాళ్ళు నాలుగే అన్నారు. అయితే మిల్లర్ అసలు సంగతి ఇంకోటి కూడా చెప్పాడు: ఆ అంశం ఎంత పెద్దదన్నది మన చేతిలో ఉంది. చిన్నవాటిని కట్టగా కడితే కట్ట ఒక్కటే అంశం.

ఇప్పుడు శార్దూలం చూడండి. పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకి 76. విడివిడిగా ఎవరికీ గుర్తుండవు. కానీ మ, స, జ, స, త, త, గ. ఏడు కట్టలు. పదమూడో అక్షరం దగ్గర యతి, ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర ప్రాస. పాదం మర్చిపోతే వెతుక్కోవడానికి దారిలో పాతిన గుర్తురాళ్ళు. ఏడుకి ఏడు సరిపోవడం కాకతాళీయమే, అందులో రహస్యాలేమీ వెతకక్కర్లేదు. కానీ ఛందస్సు జ్ఞాపకం కోసం కట్టిన సాధనం అన్నది మాత్రం రహస్యం కాదు. చివర్లో అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పడాన్ని ధారణ అంటారు. అవధానిని నిలబెట్టేదీ పడగొట్టేదీ అదే.

ధారణ చేసే మెదడు మామూలు మెదడులాగే ఉంటుందా? చెళ్ళపిళ్ళవారిని స్కాను చేసే వీలు ఎవరికీ లేదు. కానీ 2016లో జేమ్స్ హార్ట్‌జెల్ బృందం మన దేశంలోనే 21 మంది వేద పండితుల్నీ, అదే వయసున్న 21 మంది మామూలు మనుషుల్నీ స్కాను చేసి పోల్చింది. పండితుల మెదళ్ళలో చాలా చోట్ల బూడిదరంగు పదార్థం ఎక్కువగా కనిపించింది, జ్ఞాపకాన్ని పదిలపరిచే హైపోకాంపస్ కుడివైపు భాగంతో సహా. వెంటనే "సంస్కృతం చదివితే మెదడు పెరుగుతుంది" అని ఫార్వర్డులు మొదలయ్యాయి. ఒకసారి తీసిన స్కాను అలా చెప్పదు. కంఠస్థం వల్ల పెరిగిందో, అలా ఉన్నవాళ్ళే ఆ చదువులో నిలబడ్డారో దాన్నిబట్టి తేలదు. పైగా 2000లో లండన్‌లో ఎలినార్ మెగ్వైర్ పదహారుమంది టాక్సీ డ్రైవర్లని పరీక్షిస్తే వాళ్ళ హైపోకాంపస్ వెనకభాగమూ పెద్దదిగానే ఉంది. వాళ్ళు కంఠతా పట్టింది లండన్ వీధులు.

ఆ రెండు స్కానులూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాకు తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన అయిదో తరగతి చదివిన రైతు. పాండవోద్యోగ విజయాల పద్యాలు వంద దాకా వచ్చు. చుట్టుపక్కల ఊళ్ళలో నాటకం కట్టే కుర్రాళ్ళకి పద్యం అందించేవాడు. దాన్ని ఎవరూ ధారణ అనలేదు. "ముసలాయనకి నాటకాల పిచ్చి" అన్నారు. అవధానం నేర్చే చదువు మన దగ్గర చాలాకాలం ఒక కులం మగవాళ్ళకే అందింది. వాళ్ళలో ఇద్దరు రాసిన పద్యాలు నాటకమై స్టేజీ ఎక్కాక, ఆ గోడ దాటి గుడివాడ ప్రాంతపు పొలాల్లోకి వచ్చేశాయి. చదువు రాలేదు, పద్యం వచ్చింది. మెదడు మాత్రం రెండుచోట్లా ఒకే పని చేసింది.

*

చిన్నమెదడు గురించి చెప్పి తీరాలి. తల వెనక కింద, పెద్దమెదడు చాటున ముడతలు పడి ఉంటుంది. బరువు మొత్తంలో పదో వంతు. నడక, నిలకడ చూసుకునే గుమాస్తా అన్నట్టు పాఠ్యపుస్తకం రెండు వాక్యాల్లో ముగించేది. 2009లో బ్రెజిల్‌లో సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం మనిషి మెదడులో న్యూరాన్లని లెక్కపెట్టింది. మొత్తం 8,600 కోట్లు. అందులో ఆలోచనకీ భాషకీ నిలయమని మనం గొప్పగా చెప్పుకునే పెద్దమెదడు పైపొరలో ఉన్నవి 1,600 కోట్లు. చిన్నమెదడులో 6,900 కోట్లు. నూటికి ఎనభై.

ఆ ఎనభై ఏం చేస్తాయో చూడాలంటే మొవ్వ పక్కన కూచిపూడికి వెళ్ళాలి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుమీద పాదాలు ఆనించి, తాళం తప్పకుండా పళ్ళేన్ని ముందుకీ వెనక్కీ నడిపిస్తారు. ఏ క్షణంలో ఏ కండ ఎంత బిగించాలో ఆలోచించే తీరిక ఉండదు. బరువు జరగబోతోందని ముందే పసిగట్టి సరిదిద్దేది చిన్నమెదడు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) సత్యభామ వేషంలో నడిచి వస్తే అది మగవాడి నడకని ప్రేక్షకులు మరిచిపోయేవారు. ఆ నడక ఏళ్ళ తరబడి అక్కడ రాసుకున్నదే. లేదా బందరు దాటి పెడన వెళ్ళండి. కలంకారీ అద్దకంవాళ్ళు టేకు అచ్చుని రంగులో ముంచి బట్టమీద పెట్టి చేత్తో ఒక్క గుద్దు గుద్దుతారు. పక్క అచ్చు మీద వెంట్రుకవాసి ఎక్కకూడదు, సందు రాకూడదు. కొలబద్ద ఉండదు. "ఎలా సరిపోతుంది?" అని నేనడిగితే అద్దే ఆయన చెయ్యి ఆపకుండా "చేతికి తెలుసండీ" అన్నాడు.

చేతికి తెలియడం అంటే ఏమిటో శాస్త్రానికి తెలిసింది ఒక రోగి వల్ల. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే యువకుడి రెండు హైపోకాంపస్‌లనూ చాలామేర తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా అతనికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. ఇప్పుడు కలిసిన మనిషి కాసేపాగి వస్తే కొత్తవాడే. బ్రెండా మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకీ బాగా గీశాడు. గీసిన ప్రతిసారీ ఇదే మొదటిసారి అనుకున్నాడు. మనిషి మర్చిపోయాడు, చెయ్యి మర్చిపోలేదు.

జ్ఞాపకం ఒకటి కాదు, చాలా రకాలని అప్పుడు తేలింది. భయానిదీ వేరే ఖాతా. మా నాయనమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో వాళ్ళవైపు చాలామంది పోయారు. ఆ రాత్రి గురించి ఆమె పెద్దగా చెప్పదు. కానీ ఏ కార్తీకంలో గాలి ఈలవేసినా, లేచి పాసుపుస్తకాలూ బంగారమూ మూటకట్టి అటకమీద పెడుతుంది. హైపోకాంపస్ పక్కనే బాదంగింజ ఆకారంలో అమిగ్డలా ఉంటుంది. గాలి చప్పుడుని నాయనమ్మ కంటే ముందు అది వింటుంది.

మేధ అనే మాట విన్నప్పుడు మన మనసులో వచ్చే బొమ్మ శాలువా కప్పుకున్న పండితుడిదో, ర్యాంకు కొట్టిన కుర్రాడిదో, కోడు రాసే నాలాంటివాడిదో. తెలివి వేరు, చేతిపని వేరు అని గీత గీసి, గీతకి ఇటువైపు జీతం, అటువైపు కూలీ పెట్టుకున్నాం. ఆ గీత మెదడులో ఎక్కడుందో నేను వెతికాను. లేదు. 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ ఆలాడి బృందం 648 మంది మతిమరుపు రోగుల వివరాలు చూసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి, ఒకే భాషవాళ్ళకంటే ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్ళలో కూడా అంతే. మెదడు పనిని చూస్తుంది, సర్టిఫికెట్టు అడగదు.

*

తాతయ్య విషయం మిగిలింది. 1973లో బాస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ఒక చికిత్స తయారుచేశారు. మాట పోయినవాళ్ళచేత చిన్నచిన్న మాటల్ని రాగంతో పలికిస్తూ ఎడమచేత్తో తాళం వేయిస్తారు. బందరులో స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి మాకు అదే నేర్పింది. మం-చి-నీ-ళ్ళు. నాలుగు దెబ్బలు. వారాలు గడిచాయి. నాన్న విసుక్కున్నాడు, తాతయ్య చెయ్యి విసిరికొట్టాడు. "తాతయ్యా, స్టేజీమీద కృష్ణుడు దాహమడిగినట్టు అడుగు" అన్నాను ఒకసారి, ఏమీ తోచక.

ఉగాది ముందు ఒక రాత్రి. కరెంటు లేదు. చీకట్లో మంచం పట్టెమీద చేత్తో కొట్టిన చప్పుడు నాలుగుసార్లు. తర్వాత గొంతు, పద్యం చివర తీసే రాగంతో సహా: "మంచినీళ్ళూఊఊ..."

వంటింట్లోంచి నాయనమ్మ కేక. "ఆఁ, తెస్తన్నా! అంత రాగం ఎందుకు, ఊరంతా లేచిద్ది."